బతుకమ్మ ఆటలో మా ఆదివారం పాట

నేను భయస్తురాలిని. ఈ మాట ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం సులువు. బల్లి మీద పడితే కెవ్వుమనే రకం భయం కాదు నాది. నలుగురు ఒకచోట నిలబడి నా వైపు చూస్తూ మాట్లాడుకుంటే చాలు, నోరు ఎండిపోతుంది. అలాంటిదాన్ని, సిరిసిల్లలో ఓ చిన్న చర్చిలో టీనేజీ పిల్లలకు ఆదివారం క్లాసు చెప్పడానికి ఎందుకు ఒప్పుకున్నానో నాకే తెలియదు.

మాది కోరుట్ల. మా నాన్న భక్తి ఎంతటిదంటే, పక్కింటి టీవీలో సినిమా పాట మొదలైతే లేచి మా కిటికీ మూసేవాడు. మూసిన కిటికీ సందులోంచి విన్న పాటలే నాకు ఇప్పటికీ బాగా గుర్తు. జగిత్యాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివినప్పుడు కరువుదీరా సినిమాలు చూశాను. తర్వాత ఉద్యోగం కోసం సిరిసిల్ల వచ్చి, ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరుగా చేరి, ఒక గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉంటున్నాను.

మా ఆదివారం పిల్లలు బైబిలు వాక్యం చదవమంటే ఆవులించేవారు. అదే ఫోన్లో పాట మోగితే కూర్చున్నచోటే భుజాలు కదిలేవి. సరే, వీళ్ళకు ఇదే దారి అనుకున్నాను. ల్యాప్‌టాప్‌లో సినిమా ముక్కలు చూపించేదాన్ని. ఇల్లు విడిచిపోయిన కొడుకు తిరిగొచ్చి తలుపు తట్టే సీను పెట్టి, సరిగ్గా అక్కడ ఆపి, "మీ నాన్నయితే ఏమంటడు?" అని అడిగేదాన్ని. "ముందుగాల చెప్పు తీస్తడు మేడం" అన్నాడొకడు. అందరూ పడీపడీ నవ్వాక బైబిల్లో తప్పిపోయిన కుమారుడి కథ తెరిచాం. ఆ రోజు ఒక్కరూ ఆవులించలేదు.

ఆ ఏడాది యూట్యూబ్‌లో ఒక జానపద పాట ఊరూవాడా ఊపేసింది. ఆటోల్లో అదే, పెళ్ళి బరాతుల్లో అదే. ఆ బాణీకి నేను తప్పిపోయిన గొర్రె కథ కట్టాను. తొంభై తొమ్మిది గొర్రెలను విడిచిపెట్టి ఒక్కదాని కోసం ముళ్ళపొదలన్నీ వెతికే కాపరి పాట. రెండు పాదాలదాకా ఆ కాపరి ఎవరో చెప్పకుండా, మూడో పాదంలో యేసయ్య పేరు పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పాస్టరుగారు విని తల గోక్కున్నారు. "డీజే పాట మీద దేవుని మాట పెడ్తె నిలుస్తదా మేడం?" అన్నారు.

"నిలవకపోతే తీసేద్దాం అయ్యగారూ" అన్నాను. నిలిచింది. నేననుకున్నదానికంటే గట్టిగా నిలిచింది.

ఆ పాటను అందరికన్నా బాగా పాడింది మా చర్చి పిల్ల కాదు. మా స్కూల్లోనే తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి. వాళ్ళ నాన్న సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేస్తాడు. తల్లి ఇంట్లో బీడీలు చుడుతుంది. ఇంట్లో మార్కండేయుడి పటానికి దీపం పెట్టుకునేవాళ్ళు. ఆ అమ్మాయి తన క్లాస్‌మేట్ వెంట కీబోర్డు వినడానికి వచ్చింది. "పాటల కోసమే వస్తున్న మేడం, ప్రార్థనకు గాదు" అని మొదటి రోజే మొహం మీద చెప్పింది. ఆ పిల్ల నోరు తెరిస్తే బయట రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగేవారు.

వాళ్ళమ్మను అడగాల్సింది. ఈ వారం అడుగుతా, వచ్చే వారం అడుగుతా అనుకుంటూ నాలుగు నెలలు గడిపాను. అడిగితే వద్దంటుందని భయం. వద్దంటే ఆ గొంతు మాకు దక్కదని స్వార్థం.

సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం వాళ్ళ వాడ మీదుగా ఇంటికి వెళ్తున్నాను. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలను మధ్యలో పెట్టి ఆడవాళ్ళు చుట్టూ తిరుగుతున్నారు. ఒకరు పాట చెబుతుంటే మిగతావాళ్ళు అదే మాట అందుకుంటారు. ఆ రోజు డీజే ఆపించి మరీ ఆ అమ్మాయితో చెప్పిస్తున్నారు. పాత పాటలు రెండయ్యాక ఎవరో పెద్దామె "గా యూట్యూబ్ పాట అందుకో పోరీ" అంది. నేను కిరాణా కొట్టు పక్కన ఆగాను, కాస్త గర్వంగానే.

మొదటి చరణం సరిగ్గానే పాడింది. రెండో చరణానికి వచ్చేసరికి నాలుక నా మాటల్లోకి జారిపోయింది. జారదా మరి? నాలుగు నెలలు ఆ బాణీకి ఆ మాటలే పాడించింది నేను. "తొంభై తొమ్మిది గొర్లనిడిసి" అంది. ఆడవాళ్ళంతా చప్పట్లు చరుస్తూ "తొంభై తొమ్మిది గొర్లనిడిసి" అన్నారు. "ఒక్కదానికై ఎతికేటోడా" అంది. అదీ అందుకున్నారు. గొర్లకాపరి పాట అనుకున్నారు, ఎందుకు అనుకోరు? ఆపు బిడ్డా అని అరవాలి. కొట్టు గోడ వెనక్కి ఇంకాస్త జరిగాను. మూడో పాదం వచ్చేసింది. ఆ పేరును సగం మంది అందుకున్నాక చప్పట్లు ఆగాయి.

అమ్మాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక ముసలామె "పోరి నోరు జారింది తియ్యి, ఇంకోటి పట్టుండ్రి" అని తనే ఇంకో పాట ఎత్తుకుంది. ఆట మళ్ళీ సాగింది. కానీ చుట్టూ ఉన్న ఫోన్లలో అంతా ఎక్కేసింది. నేను వెనక సందులోంచి ఇల్లు చేరాను.

పొద్దుటికల్లా ఆ వీడియో మా స్కూలు టీచర్ల గ్రూపులోకీ వచ్చింది. కింద ఎవరో "గిది ఎవరు నేర్పిండ్రు పిల్లకు?" అని రాశారు. పాస్టరుగారు మా చర్చి నడిచే రేకుల షెడ్డుకు తాళం వేసి, ఈ వారం ఎవరిళ్ళలో వాళ్ళే ప్రార్థన చేసుకోమన్నారు. విషయం విన్న మా అమ్మ కోరుట్ల నుంచి ఏడుస్తూ ఫోన్ చేసింది. "బిడ్డా, ఉన్న బట్టలతోని బస్సెక్కు" అంది. నేను ఫోన్లోంచి పాట తీసేశాను. రాసుకున్న పేజీ చింపి పొయ్యి మీద కాల్చాను. మెట్ల మీద అడుగుల చప్పుడైతే లేచి తలుపు గడియ చూసుకునేదాన్ని. పొద్దంతా నా గురించే భయపడ్డాను. ఆ పిల్లను కొట్టారేమో, బడి మాన్పిస్తారేమో అన్న ఆలోచన మధ్యాహ్నానికి గానీ రాలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే.

మూడింటికి వచ్చారు. ముందు తల్లి, ఆమె వెనక అమ్మాయి, వాడకట్టు మగవాళ్ళు నలుగురు. ఎవరూ అరవలేదు. వాళ్ళలో పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మేడం, మీరు సదువు చెప్పేటోళ్ళు. మీరేదంటే గదే నమ్ముతం. గా పాట మీరే నేర్పిండ్రా?" అన్నాడు. అరిచినా బాగుండేది.

"లేదు" అన్నాను. "నేను నేర్పలేదు. అది నా పాట కాదు. యూట్యూబ్‌లో ఎక్కడో విని ఉంటుంది."

అమ్మాయి తలెత్తి నన్ను చూసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, కానీ కోపం లేదు. "అవు, యూట్యూబ్‌లనే విన్న. మేడం చెప్పలే" అంది. వాళ్ళు వెళ్ళిపోయారు. తలుపేసుకున్నాను. ప్రాణం కుదుటపడాలి కదా, పడలేదు.

దసరా సెలవులయ్యాక ఆ అమ్మాయి బడికి వచ్చింది. దేవుడు నా ప్రార్థన విన్నట్టనిపించింది. ఎప్పటిలాగే "గుడ్ మార్నింగ్ మేడం" అంది. కానీ రోజూ బడి ప్రేయర్‌లో పాట ఎత్తుకునే పిల్ల, వరుసలో పెదాలు బిగించి నిలబడింది. అడిగితే గొంతు పట్టిందంది. రెండో వారం కూడా గొంతు పట్టే ఉంది. దాంతో ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను.

తల్లి గడపలో కూర్చుని, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నిలబడే చెప్పేశాను. "ఆ పాట నేనే రాశాను. నేనే నేర్పించాను. ఆ రోజు భయమేసి కాదన్నాను."

ఆమె చేతులు ఆగలేదు. "నాకెర్కనే మేడం. ఐతారం నా బిడ్డ ఎటు పోతదో నాకు తెల్వదా? పాడుకుంటదని ఊకున్న" అంది. "ఆ దినం వాళ్ళను నీ తాన్కి తోలుకొచ్చింది గూడ నేనే. నువ్వు కాదంటవనే తెచ్చిన. అందరి ముంగట కాదంటె నిన్నూ, నా బిడ్డను గూడ ఇడిసిపెడ్తరు గదా. ఇడిసిపెట్టిండ్రు."

నేను ఊపిరి పీల్చుకోబోయాను.

"గని నా బిడ్డ పాట బంద్ వెట్టింది" అంది. ఇప్పుడు చేతులు ఆగాయి. "వాళ్ళ నాయిన గూడ పాడు బిడ్డా అంటుండు. పాడది. నన్ను వాడకట్టోళ్ళు తిట్టినందుకు గాదమ్మా అంటది. నేర్పిన మేడమే గది నా పాట గాదన్నది, ఇగ నేనెందుకు పాడాలె అంటది."

లోపలి గదిలో పుస్తకం పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ పిల్లను పిలవడానికి నాకు ధైర్యం చాలలేదు.