గేటు మీది రాధామనోహరం

మొన్న ఉప్పల్‌లో, మెట్రో స్తంభాల పక్కన పెట్టిన మొక్కల అంగడిలో తడి కొబ్బరిపొట్టు వాసన ముక్కుకు తగిలి ఆగాను. ఒక కుండీలో వెదురుపుల్లలకు అల్లుకున్న సన్నని తీగ, దానికి అరచేతంత ఊదారంగు పూలు. "క్లెమాటిస్ సార్, కొత్త రకం. ఫారిన్ల ప్రైజు గొట్టింది," అన్నాడు అమ్మేవాడు. వంగి వాసన చూశాను. ఏమీ లేదు. పైన పటారం, లోన లొటారం. ప్రైజు అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాచారంలో మా గేటు మీద ఒకప్పుడు రాధామనోహరం తీగ ఉండేది. అమ్మ పుట్టింటివైపు క్రైస్తవ కుటుంబాల్లో ఒక ఆనవాయితీ: ఆడపిల్ల పుడితే గేటు పక్కన పూలతీగ నాటాలి, పెళ్లినాడు ఆ పిల్ల దాని కిందినుంచే చర్చికి బయలుదేరాలి. అక్క పుట్టిన వానాకాలంలో అమ్మ నాటిన తీగ, నాకు ఊహ తెలిసేసరికి గేటంతా పందిరై కూర్చుంది. సాయంత్రం తెల్లగా విచ్చి, తెల్లారేసరికి గులాబిరంగుకు తిరిగి, ఆపైన ఎర్రబడే ఆ గుత్తుల వాసన మల్లాపూర్ ఫ్యాక్టరీల వైపునుంచి వచ్చే పొగకంపును కూడా గెలిచేది. ఎండాకాలం దాని నీడలో గోటీలు ఆడేవాళ్లం, వానలకు రాలిన పూల పొడుగాటి కాడలను జడలా అల్లి మెళ్లో వేసుకునేవాళ్లం, మట్టల ఆదివారం ఈతమట్టలు పట్టుకుని దాని కిందే వరుస కట్టేవాళ్లం, క్రిస్మస్ ముందు ఇరుగుపొరుగు ఆడవాళ్లు అక్కడే చాపలు పరిచి గరిజెలు వత్తుతుంటే పిండిలో పూరేకులు రాలేవి. అమ్మ విసుక్కోకుండా వాటిని ఉఫ్‌మని ఊదేది.

నాయన పనిచేసే ఫ్యాక్టరీలో ఏటా పూలపోటీ పెట్టేవాళ్లు. గెలిచేవి ఎప్పుడూ ఆఫీసర్ల ఇళ్లలోని కొత్తరకం మొక్కలే. అక్క పెళ్లి కుదిరిన ఏడు నాయనకు రోషం పొడుచుకొచ్చింది. కానీ పోటీకి కుండీల్లో ఉన్నవే తీసుకురావాలట.

"దీని ముందట వాళ్ల మొక్కలేంది? తవ్వి డ్రమ్ముల పెడ్దం. పోటీ అయినంక మల్ల గీడనే నాటుదం," అన్నాడు.

"వద్దయ్యా, పిల్ల పెండ్లి దగ్గరికొచ్చింది. ఇన్నేండ్లు నేలల పెరిగింది డ్రమ్ముల ఇముడుతదా?" అంటూ అమ్మ ఆయన గడ్డం పట్టుకుని బతిమాలింది.

నాయన వినలేదు. ఆదివారం అమ్మ చర్చికి వెళ్లింది చూసి గడ్డపార పట్టాడు. తల్లివేరు తెగిన చప్పుడు నేను విన్నాను. ట్రాలీలో పోటీకి చేరేసరికే ఆకులు వేలాడాయి. పూలు చూడటానికి వచ్చిన పెద్దమనుషులు దాని దగ్గర ఆగనైనా ఆగలేదు. ప్రైజు మేనేజరుగారు ఎక్కడినుంచో తెప్పించిన తీగకు వచ్చింది. మాది మళ్లీ నాటితే చిగురు వేయలేదు. ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె. ఎండిన మోడును పీకేశాక, ఆ గుంత చూసినప్పుడల్లా అమ్మ ఏడుస్తున్నదని నాయన దాన్ని సిమెంటుతో పూడ్చేశాడు. లోపల ఏ వేరులోనైనా ఇంత ప్రాణం మిగిలి ఉంటే దాన్నీ అలా ముగించాడు.

పెళ్లినాడు గేటుకు ప్లాస్టిక్ పూలు కట్టారు. అక్క వాటి కింద ఆగి, తల పైకెత్తి చూసి, దించుకుంది. అమ్మ ఆ తర్వాత తన చేత్తో ఒక్క మొక్కా నాటలేదు. నాయన పోయి చాలాకాలమైంది. ఆయన మీద నా కోపం మాత్రం పోలేదు.

ఇప్పుడు గోటీలాడే పిల్లలు లేరు. గరిజెలు స్వీటుషాపునుంచి వస్తాయి. మా గేటు ముందు బైకులు నిలబెడతారు. అయినా, వాసన లేకున్నా పూలతీగే కదా అని ఆశ చావక, అంగడిలోనుంచే ఇంట్లో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, గేటు కాడ నాటుదమని ఒక పూలతీగ సూస్తున్న. మస్తున్నది. తేవాల్నా?"



"యాడ నాటుతవ్ బిడ్డా? గాడ మీ నాయన సిమెంటు పోసిండు గదా," అన్నది.