ఒక బొటనవేలు ఎక్కువ

ఆ వీధిలో ఆయన్ని అందరూ కాళ్లాయన అంటారు. కాళ్లు పోగొట్టుకున్నవాళ్లకు కాళ్లు చేసిపెట్టడం ఆయన పని. "మీ కాళ్లు పట్టుకుంటాను, కాస్త తొందరగా చేసివ్వండి" అని ఎవరైనా బతిమాలితే, "ఆ పట్టుకునేదేదో నేనే పట్టుకుంటాలే, మీరు కూర్చోండి" అంటూ టేపు తీస్తాడు. ముప్పై ఏళ్లుగా అదే హాస్యం. వచ్చినవాళ్లు ముప్పై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నారు, పాపం.

పని చేసే గది పొడుగ్గా ఉంటుంది. గోడ వెంట అరల నిండా తెల్లటి ప్లాస్టర్ అచ్చులు. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడితే ప్లాస్టర్ పొడి గాలిలో తేలుతూ, కింద పడాలో వద్దో తేల్చుకోలేనట్టు నిలబడిపోతుంది. అన్నం తిని స్టూలు మీద కునుకు తీశాడంటే, ఆ అచ్చులన్నీ ఒక్కొక్కటే అరలు దిగి ఊళ్లోకి వెళ్లిపోతున్నట్టు కనిపిస్తుంది ఆయనకు. ఒకటి బస్సెక్కుతుంది, ఒకటి బడి మెట్లు రెండేసి చొప్పున దాటుతుంది, ఒకటి ఎవరితోనో పోట్లాడి విసవిసా నడుస్తుంది. ఆయన వాటి వెనకే, చెప్పులు లేకుండా, అడుగుల చప్పుడు వింటూ తిరుగుతాడు. 

కుర్రతనంలో ఆయన దర్జీ. ఎదిగే పిల్లల బట్టలకు అంచులో ఒక బొటనవేలు వెడల్పు గుడ్డ ఎక్కువ మడిచి ఉంచాలని పని నేర్పినాయన చెప్పాడు. కుట్టు మిషను వదిలేసినా ఆ వేలు మాత్రం ఆయన్ని వదల్లేదు. పిల్లలకు కొత్త కాళ్లు చేసిన ప్రతిసారీ, పాత కొలత మీద ఒక బొటనవేలు పెంచుతాడు. ఎదిగే పిల్లలకు అది సరిపోతుంది కూడా.

ఆయన చెల్లెలి కూతురికి ఏడేళ్లప్పుడు ఒక మాయజబ్బు చేసి రెండు కాళ్లూ మోకాళ్ల కింద నుంచి తీసేశారు. ఆ పిల్ల తొలి జత కాళ్లు ఆయనే చేశాడు. కొత్త జత తొడిగిన ప్రతిసారీ గది గుమ్మానికి ఆనించి నిలబెట్టి, తల మీద పెన్సిలుతో గీత గీశాడు. ఇప్పుడు దానికి ఇరవై మూడేళ్లు. వంపు తిరిగిన నల్లటి బ్లేడ్ల మీద పరుగు పందేలకు వెళుతుంది. బ్లేడ్లు బయటి నుంచి వస్తాయి గానీ, కాలు దూర్చే గిన్నె, గిన్నెకూ బ్లేడుకూ మధ్య గొట్టం ఆయన చేతిలోవి. అంటే ఎత్తు ఆయన చేతిలోది.

మేనకోడలికి ఒకటే కోపం. "చివర్లో వచ్చినా చప్పట్లే, మావయ్యా. నడుచుకుంటూ వచ్చినా కళ్లు తుడుచుకుంటారు. నేను పరుగెత్తడానికి వెళుతున్నానా, వీళ్లని ఏడిపించడానికా?"

ఆ ఏడు పెద్ద పోటీకి ఒక్కరినే ఎంపిక చేస్తామన్నారు. పందెంలో మేనకోడలు మొదట వచ్చింది. రెండో స్థానం మిల్లులో పనిచేసే అమ్మాయిది. ఆమెకు పోయింది ఒక్క కాలే. ఆ బ్లేడు బిగించింది కూడా కాళ్లాయనే. పందెం అయ్యాక ఆ అమ్మాయి కుంటుతూ వచ్చి మేనకోడల్ని కౌగిలించుకుని, "నిన్ను చూస్తేనే నాకు ధైర్యం వస్తుందక్కా" అంది. ఆయన పొంగిపోయాడు.

మర్నాడు పోటీవాళ్ల దగ్గర్నుంచి కాగితం వచ్చింది. బ్లేడ్ల మీద నిలబడిన ఎత్తు ఎంతో కాళ్లు చేసినవాళ్లు రాసి సంతకం పెట్టాలి. రెండు కాళ్లూ లేనివాళ్లు ఎంత పొడుగైనా పెట్టించుకోవచ్చు కాబట్టి, చేతుల పొడవును బట్టి ఇంతకు మించకూడదని లెక్క కట్టారు. మధ్యాహ్నం ఆయన మేనకోడల్ని నిలబెట్టి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. టేపు మార్చి కొలిచాడు. సరిగ్గా ఒక బొటనవేలు ఎక్కువ.

ఎదగడం ఎప్పుడో ఆగిపోయిన పిల్లకు, పోయినేడు కొత్త జత చేసేటప్పుడు కూడా చెయ్యి తన అలవాటు పోనిచ్చుకోలేదు. మిల్లు అమ్మాయికి అలాంటి వేలు పెట్టే వీలే లేదు. రెండో కాలు సొంతం, దాన్ని చూసి దీన్ని సరిచేయాల్సిందే. తన చేత్తోనే ఒకరికి ముద్దు చేసి, ఇంకొకరికి అన్యాయం చేశానని తెలిసేసరికి ఆయన టేపు చుట్టి బల్ల మీద పెట్టేశాడు.

"అన్నయ్యా, గోరంతను కొండంత చేయకు. ఎవరొచ్చి కొలుస్తారు?" అంది చెల్లెలు.

మేనకోడలు తల్లి వైపు చూడలేదు. "అయితే మొన్న గెలిచింది నేనా, నీ వేలా?" అని అడిగింది.

ఆయన కలం తీశాడు. ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాడు. తప్పు తనది, తలవంపు పిల్లది. ఫలితం రద్దు చేసి, నెల తర్వాత మళ్లీ పందెం అన్నారు.

మూడు రోజులు ఆ పిల్ల గది వైపు రాలేదు. నాలుగో రోజు వచ్చి బల్ల మీద కూర్చుని బ్లేడ్లు ముందుకు చాపింది. "కోసెయ్" అంది. రెండు గొట్టాల నుంచీ ఒక్కో బొటనవేలు కోశాడు. తెగిపడిన ఆ రెండు ఉంగరాల్నీ పారేయలేక జేబులో వేసుకున్నాడు. మొదటి వారం ఆ పిల్ల నేల ఎక్కడుందో తెలియనట్టు తడబడింది.

పందెం రోజు ఆయనకు అంతా కునుకులో జరుగుతున్నట్టే ఉంది. మైదానం మీద ఎండ, పొడిలాంటి దుమ్ము, చెవుల్లో బ్లేడ్ల చప్పుడు మాత్రమే. ఆ చప్పుడంతా ఆయన చేసిందే. ఇద్దరూ చివరిదాకా పక్కపక్కనే ఉన్నారు. గీత దగ్గర మిల్లు అమ్మాయి భుజం ముందుకు వచ్చింది.

ఈసారి ఆ అమ్మాయి కౌగిలించుకోవడానికి రాలేదు. వెనక్కి కూడా చూడకుండా, చేతులు రెండూ పైకెత్తి, అరుచుకుంటూ మైదానం చుట్టూ పరుగెత్తింది. జనం ఆమెకే చప్పట్లు కొట్టారు. గడ్డి మీద కూలబడ్డ మేనకోడల్ని ఒక్కరూ పట్టించుకోలేదు.

ఆయన దగ్గరికి వెళ్లాడు. "ఓడిపోయావు గదమ్మా. నా వల్లే."

ఆ పిల్ల ఏడుస్తోంది, నవ్వుతోంది. "చూశావా, మావయ్యా? దానికి నన్ను చూస్తే జాలి పోయింది. నాకు భయపడే అంత గట్టిగా పరుగెత్తింది." గడ్డి దులుపుకుని లేస్తూ, "వచ్చే ఏడు దాన్ని కొడతాను" అంది.

సాయంత్రం ఇద్దరూ గదికి వచ్చారు. అడక్కుండానే ఆ పిల్ల గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆయన పెన్సిలు తీశాడు. ఎడమచేతి బొటనవేలు దానంతటదే ఆ తల మీదికి అడ్డంగా వెళ్లింది. ఆ పిల్ల చెయ్యెత్తి, ఆ వేలు పట్టుకుని, మెల్లగా కిందికి దించింది. వదలకుండా అలాగే పట్టుకుని ఉంది.

ఆయన కుడిచేత్తో గీత గీశాడు. పదహారేళ్లలో మొదటిసారి, కొత్త గీత పాత గీతకు కింద పడింది.