గ్రీసు యాత్రలో పదకొండు కొట్టివేతలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. అమెరికాలోని అల్ఫారెట్టాలో ఉద్యోగం, పెళ్ళయి రెండేళ్ళు, ఆఫీస్ మీటింగుల్లో ఎవరేమడిగినా కనుక్కుని చెప్తాననకుండా అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పేసే ధైర్యం. వీటన్నిటితో నేను మేధావినని నమ్మేవాణ్ణి. పైగా కొత్త అల్లుణ్ణి. కొత్త అల్లుడు మామగారి ముందు "తెలియదు" అనడమంటే విస్తట్లో వడ్డించిన బూరెను నేలమీద జారవిడుచుకోవడమేనని నా అభిప్రాయం. ఆయన వైపు నుంచి ఇంకో చిక్కు ఉంది. అల్లుడి మాటకు అడ్డు చెప్పడం వాళ్ళ ఇంటా వంటా లేదు. తెలియదనని అల్లుడూ, కాదనని మామగారూ కలిసి గ్రీసు వెళితే ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. తప్పు మాత్రం పూర్తిగా నాది.

మామగారు రిజిస్ట్రార్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. అత్తగారితో కలిసి ఆరు నెలలు ఉండడానికి మా దగ్గరికి వచ్చినప్పుడు, ఒకరోజు టీ తాగుతూ, హైస్కూలు పుస్తకంలో ఏథెన్స్ స్తంభాల బొమ్మ చూసినప్పటినుంచి వాటిని ఒక్కసారి ముట్టుకోవాలని ఉండేదని అన్నారు. అని, అలా అన్నందుకు సిగ్గుపడ్డారు. మా ఆవిడ ఆ వారమే వీసాలకు అప్లై చేసి, టికెట్లు బుక్ చేసేసింది. "అక్కడ గైడ్‌ని కూడా మాట్లాడదామా?" అని అడిగింది. "నేనుండగా గైడెందుకు?" అన్నాను. (నా ప్రిపరేషన్ ఏమిటంటే, విమానంలో గ్రీసు గురించి ఒక వీడియో పెట్టుకుని, అందులో మాట్లాడే ఆయన తన పేరు చెప్పుకోవడం పూర్తయ్యేలోపు నిద్రపోవడం.)

ఏథెన్స్‌లో అక్రోపోలిస్ కొండ ఎక్కాక మామగారు తాళ్ళకు ఇవతల నిలబడి ఆ స్తంభాలను చాలాసేపు చూశారు. ముట్టుకోనివ్వరని తెలిశాక చేతులు వెనక్కి కట్టుకున్నారు. "అల్లుడుగారూ, మధ్యలో కాస్త ఉబ్బినట్టున్నాయేం?" అని అడిగారు. అక్కడ "తెలియదు" అంటే సరిపోయేది. "పైకప్పు బరువుకండీ. రెండు వేల ఏళ్ళు మోస్తే ఎవరికైనా నడుం ఉబ్బుతుంది కదా మామయ్యగారూ" అన్నాను. ఆయన తల ఊపి, జేబులోంచి నోట్‌బుక్ తీసి రాసుకుని, కింద ఇంకేదో చేర్చారు. తొంగి చూస్తే "చెప్పినవారు: అల్లుడుగారు" అని ఉంది. దస్తావేజుల మధ్య బతికిన మనిషి, ఎవరు చెప్పారో రాయకుండా ఏదీ రాయరు.

ఇక నాకు పట్టపగ్గాల్లేవు. పక్కనే ఇంకో గుడి, దాని కప్పును తలలమీద మోస్తూ ఆరుగురు రాతి స్త్రీలు. వాళ్ళెవరని అత్తగారు అడిగితే, రాజుగారి ఆరుగురు కోడళ్ళన్నాను. అత్తగారు వాళ్ళను జాలిగా చూసి, "ఏ దేశమైనా ఒకటేనన్నమాట. అత్తగారెక్కడా కనపడదేం మరి?" అన్నారు. "లోపల కూర్చుని ఉండేదండీ" అన్నాను. నాక్సోస్ దీవిలో పడవ దిగగానే, సముద్రం ఒడ్డున గుట్టమీద పాలరాతి గుమ్మం ఒక్కటే నిలబడి ఉంటుంది. చుట్టూ గోడ లేదు, వెనక ఇల్లు లేదు, దానిలోంచి నీలంగా సముద్రం. అది సముద్రపు దొంగలు రాకుండా కట్టిన ఊరి గేటన్నాను. "పక్కనుంచి రావచ్చు కదండీ?" అన్నారు మామగారు, ఎంతో మర్యాదగా. "అప్పట్లో దొంగలు కూడా పద్ధతిగా ఉండేవారండీ" అన్నాను. అదీ రాసుకున్నారు. శాంటోరిని దీవి మాత్రం అగ్నిపర్వతం పేలి నెలవంకలా మిగిలిందని ఎక్కడో విన్న నిజం చెప్పాను. (అదొక్కటే ఆయన నమ్మలేదు. నోట్‌బుక్ జేబులోంచి తీయనేలేదు.)

తిరిగి వచ్చిన రెండు వారాలకు అసలు సంగతి మొదలైంది. మా ఊరి లైబ్రరీ హాల్లో ప్రతి శనివారం ఉదయం మనవైపు నుంచి వచ్చిన పెద్దవాళ్ళు కలుసుకునేవారు. వాళ్ళలో హనుమకొండలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన ఒకాయన్ని అందరూ లెక్చరర్‌గారనేవారు. ఎవరు ఏం మాట్లాడినా "అట్ల కాదు సార్" అని మొదలుపెట్టడం ఆయన అలవాటు. మామగారు మూడు నెలలుగా ఆ హాల్లో వెనక వరుసలో కూర్చుని, నోరు విప్పకుండా ఇంటికొచ్చేవారు. అలాంటిది ఆ వారం వాళ్ళే ఈయన్ను గ్రీసు యాత్ర గురించి మాట్లాడమన్నారు. ఇంటికొచ్చి ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన ముఖం చూశాను. పదో తరగతి పాసైన కుర్రాడి ముఖం.

వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడతో, "మీ నాన్నకి నేను చెప్పినవి, కొన్ని, ఊహించి చెప్పానేమో" అన్నాను. ఆమె ఉల్లిపాయలు తరగడం ఆపలేదు. "నాకు కోడళ్ళ దగ్గరే తెలిసింది."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా?"

"నువ్వే చెప్తావని చూస్తున్నా. శనివారం దాకా టైముంది. నువ్వే చెప్పు."

లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెచ్చి చదివాను. చదివినకొద్దీ నా మీద నాకు అసహ్యం పెరిగింది. శుక్రవారం ధైర్యం చేసి ఆయన గదిలోకి వెళ్ళాను. మంచి కాగితాలమీద అంతా శుభ్రంగా తిరగరాస్తున్నారు. "రండి అల్లుడుగారూ. మీ పేరు పదకొండు చోట్ల వచ్చింది. క్రెడిట్ ఎవరిది వారికి ఇవ్వాలి కదండీ" అన్నారు. "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి మామయ్యగారూ" అని చెప్పి బయటికొచ్చేశాను. నేను ఎలాంటివాణ్ణో ఆ ఒక్క మాట చాలు.

శనివారం నేనే డ్రైవ్ చేశాను. లైబ్రరీ పార్కింగ్‌లో కారాపి, ఆయన తలుపు తీయబోతుంటే చెప్పేశాను. ఆయన చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది.

"కోడళ్ళు కూడానా?"

"కోడళ్ళు కూడానండీ."

"ఆ గేటు?"

"గేటు కాదండీ. కట్టడం మొదలుపెట్టి వదిలేసిన గుడి."

"మరి అగ్నిపర్వతం?"

"అది నిజమండీ."

వెనక సీట్లో అత్తగారు చిన్నగా దగ్గారు. మామగారు తలుపు మీంచి చెయ్యి తీసేసి, జేబులోంచి పెన్ను తీశారు. "ఇంకా అరగంటుంది. సరైనవి చెప్పండి" అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది. నేను వెంట తెచ్చుకున్న లైబ్రరీ పుస్తకం తెరిచాను. స్తంభాలు బరువుకి ఉబ్బలేదనీ, తిన్నగా కడితే మధ్యలో నొక్కుకుపోయినట్టు కంటికి కనిపిస్తాయని కావాలనే అలా కట్టారంటారనీ చదివాను. ఆ ఆరుగురు స్త్రీలు ఎవరో ఖాయంగా తెలియదని ఆ పుస్తకంలోనే ఉంది. అంత చదువుకున్నవాళ్ళు అచ్చులో వేసి మరీ తెలియదన్నారు. మామగారు దేన్నీ చెరిపేయలేదు. తప్పు మాట మీద ఒక్క అడ్డగీత గీసి, పైన సరైనది రాసి, కాగితం నా వైపు తిప్పారు. "దస్తావేజులో కొట్టివేత ఉంటే పక్కన సంతకం ఉండాలి. పెట్టండి." పదకొండు చోట్ల పెట్టాను. అగ్నిపర్వతాన్ని అంచున కొత్తగా చేర్చి, దానికి మాత్రం తన సంతకం పెట్టుకున్నారు.

హాల్లో ఆయన కాగితాలు విప్పి, గొంతు సవరించుకుని, "దీనిలో పదకొండు కొట్టివేతలున్నాయి. అన్నీ చదువుతాను" అన్నారు. ముందు నేను చెప్పింది, తర్వాత అడ్డగీత, ఆ తర్వాత నిజం. పద్ధతైన దొంగల దగ్గరికి వచ్చేసరికి వెనక వరుసలో ఎవరో నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను మొదటి వరుసలో, చెవులు కాలుతుండగా కూర్చున్నాను. చివర్న లెక్చరర్‌గారు లేచారు. మా మామగారు కాగితాలు గట్టిగా పట్టుకోవడం నాకు కనిపించింది.

"సార్, ముప్పై ఏండ్లు పాఠం చెప్పిన. తప్పు చెప్పి, మళ్ల దిద్దుకున్నోణ్ణి స్టేజి మీద ఇయ్యాలనే చూస్తున్న. ఆ కోడండ్ల ముచ్చట ఇంకోసారి చదువుండ్రి."

"దిద్దింది మా అల్లుడుగారేనండీ" అన్నారు మామగారు. ఆయన నన్ను క్షమించారని అప్పుడు తెలిసింది. (అత్తగారు మాత్రం ఆ దిద్దుబాటును ఇవాళ్టికీ ఒప్పుకోరు. ఎవరో తెలియదన్నప్పుడు కోడళ్ళు ఎందుకు కాకూడదని ఆవిడ వాదన.) ఆ తర్వాతి శనివారం నుంచి మామగారు ముందు వరుసలో లెక్చరర్‌గారి పక్కన కూర్చునేవారు.

వచ్చే వేసవిలో మళ్ళీ గ్రీసు వెళ్తున్నాం, ఈసారి మా అమ్మాయితో కలిసి ఐదుగురం. దానికి పదేళ్ళు. నేనేదైనా చెప్పగానే "నాన్నా, నీకు తెలుసా, ఊరికే చెప్తున్నావా?" అని అడుగుతుంది. తాతయ్య శిక్షణ. గైడ్‌ని బుక్ చేయమని ముందుగా అన్నది నేనే. మొన్న పాస్‌పోర్టులు వెతుకుతుంటే ఆ కాగితాలు దొరికాయి. పదకొండు సంతకాలు వరుసగా చూశాను. మొదటిది పెద్దదిగా, వంకీలు తిరిగి, కింద రెండు గీతలతో ఉంది. పదకొండోది చిన్నగా, కుదురుగా, ఏ గీతా లేకుండా ఉంది. ఇప్పుడు నేను పెట్టే సంతకం అదే. మొదటి సంతకం పెట్టిన ఆ కుర్రాడు ఎంత ధీమాగా ఉండేవాడో తలుచుకుని కాసేపు నవ్వుకున్నాను, తర్వాత కాగితాలు మడిచి పాస్‌పోర్టుల పక్కన పెట్టాను.