చుక్కయిందని చెప్పకు

తెలంగాణ సమ్మెకు గోదావరిఖని గనులు మూతపడ్డ రోజులవి. గని కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే జైపాల్, పని లేక, కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పే వదిన యమునతో వాదన పెట్టుకున్నాడు. పక్కింటి పోశవ్వ చూస్తూనే ఉంది.

"చుక్కల నడుమ గ్యాసు కూలకుంట ఆడ కర్రలెవలు పెట్టిండ్రు, వదినె?"

"అంతరిక్షంల తిరిగే కాస్మిక్ కిరణాలు గూడ లోపలికెల్లి నెట్టి ఆపుతయి, మరిదీ. ఆసరా సాలని కాడ గ్యాసు కూలి చుక్కయితది. నీ కర్ర కనబడ్తది, అవి కనబడయి. గంతే!"

అంత నోరున్న జైపాల్ రెండు చేతులెత్తి దండం పెట్టాడు. పోశవ్వ కడుపు పట్టుకుని నవ్వింది.

మరుసటి ఏడు యమున జబ్బుపడి దవాఖాన మంచం మీద పుల్లలా మిగిలింది. తల్లి పోతే, ఆమె చిన్న కూతురు హర్షిణికి ఏం చెప్పాలో పోశవ్వ అప్పటికే అనుకుని పెట్టుకుంది. అది పసిగట్టి యమున పోశవ్వ చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, అమ్మ చుక్కయిందని నా బిడ్డకు చెప్పకు. కూలినంకనే గదా చుక్కయ్యేది. సచ్చిపోయిందనే చెప్పు. నువ్వు మాత్రం దాని పక్కన నిలబడు."