మేనత్త చెప్పిన పుంజం

మొన్న కర్నూలులో ఇంట్లో కూర్చుని ఏదో మాట కోసం లావుపాటి ఇంగ్లిష్ నిఘంటువు తిరగేస్తుంటే ‘పంజమ్’ కనిపించింది. కంపెనీ కాలంలో మన వైపు నుంచి ఓడలెక్కిన గట్టి నూలుబట్ట అని అర్థం, తెలుగు ‘పుంజం’ నుంచి పుట్టిందని వివరం, ఇప్పుడు వాడుకలో లేదని ఒక ముక్క. ఏళ్ల తరబడి డెస్కులో ఇంగ్లిష్ వార్తలను తెలుగు చేసినవాణ్ణి. మన మాటే దొరల వేషంలో ఎదురైతే నవ్వొచ్చింది. నిజానికి పుంజం బట్ట కాదు, లెక్క. నూటఇరవై పడుగు పోగులు, అంటే బట్ట పొడుగునా సాగే నిలువు పోగులు, ఒక పుంజం. అదే వెడల్పులో పుంజాలు పెరిగేకొద్దీ నేత సన్నబడుతుంది. దొరలు లెక్కను పట్టుకుని బట్టకే పేరు పెట్టేశారు.

జమ్మలమడుగు దగ్గర మగ్గం నేసే మా మేనత్త మనుషుల్ని కూడా పుంజాల్లోనే తూచేది. గొంతు పెంచి మాట్లాడే మొరటువాడు పది పుంజాలవాడు, నెమ్మదస్తుడు నలభై. అలాంటి ఆవిడను కూతుర్నిమ్మని అడగడానికి, పత్రికలో ఉద్యోగం వచ్చిన కొత్తలో, నేనే వెళ్లాను. మా నాన్న మగ్గం వదిలి బేతంచెర్లలో రైల్వే పనిలో చేరాడు కాబట్టి నాకు పోగు పట్టుకోవడం రాదు. ఆ వేళ అత్త మగ్గం మీది పాత పడుగు కొసలకు కొత్త పడుగు అతుకుతోంది. నా మాట పూర్తిగా వినకుండానే వేళ్లకు బూడిద రాసి కూర్చోబెట్టింది. “ముందు ఈ పుంజం అతుకప్పా. పిల్ల సంగతి తర్వాత చూస్తాం.”

పాత పోగునూ కొత్త పోగునూ కలిపి మెలిపెట్టాలి. నా చేతిలో పడితే చాలు, తెగేవి. గోడవారన నూలు చుడుతున్న ఆ పిల్ల రాట్నం ఆపి, “అమ్మా, బావ పుంజం అయ్యేలోపు నాకు పండ్లూడిపోతాయి” అంది.

“నీకేం తొందరే? నిన్నేమన్నా అడుగుతాండామా?” అంది అత్త.

తెగిన ప్రతిదాన్నీ “అత్తా, ఇదీ పాయ” అని చూపించి ఆవిడతోనే అతికించుకున్నాను. పొద్దు వాలాక అత్త చేతులు దులుపుకుని కూతురి వైపు తిరిగింది. “శానా తెంపినాడు. కానీ ఒక్కటీ దాచలేదు. దాచింటే చీర పొడుగునా గీత పడేది. మేయ్, వీడు పది పుంజాలోడే, అయినా మనింటికి పనికొస్తాడు.” ఆ పిల్ల రాట్నం గబగబా తిరగడం మొదలెట్టాక గానీ పెళ్లి ఖాయమైందని నాకు తెలియలేదు.

అత్త పోయి చాలా కాలమైంది. మగ్గం గుంత పూడ్చి బండలు పరిచారు. నిఘంటువు తీసుకెళ్లి నా భార్యకు చూపిస్తే, అద్దాలు పెట్టుకుని పేజీ అంతా వెతికి, “మాయమ్మ పేరు యాడ రాసినారు?” అంది. రాయలేదన్నాను. “మరి వీళ్లకు ఎవురు చెప్పినారంట?” అని పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది.

కాలం మాటలను ఏదో ఒక మూల భద్రంగా ఉంచుతుంది. వాటిని పలికిన గొంతులను మాత్రం వెంట తీసుకుపోతుంది.