క్యారమ్ ఆడే మనిషి కోసం చంద్రపూర్ దాకా

ఆదివారం ఉదయం ఎనిమిదీ పదికి రాజురా బస్టాండులో చంద్రపూర్ వెళ్ళే ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర వాళ్ళ ఆర్టీసీ, ఎక్కాను. ఆడవాళ్ళకు సగం టికెట్టే. చేతిసంచిలో నీళ్ళసీసా, టిఫిన్ డబ్బా, నా స్ట్రైకర్ ఉన్నాయి. క్యారమ్ ఆడటానికి ముప్పై కిలోమీటర్లు వెళ్తున్నానని మా వీధిలో ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు మాత్రం చెప్పాను, ఆ పూట గిన్నెల కొట్టు ఆయనొక్కడే చూసుకోవాలి కాబట్టి.

సంగతేమిటంటే, నాతో ఆడేవాళ్ళు లేరు. పక్కింటి టీచరమ్మ బదిలీ మీద నాసిక్ వెళ్ళి నాలుగేళ్ళయింది. మా ఆయనకు రెండు బోర్డులు, అంటే రెండు ఆటలు, ఓడగానే కొట్లో పని గుర్తొస్తుంది. గెలిచి గెలిచి విసుగొచ్చింది నాకు. నా చిరాకు చూడలేక మేనకోడలు పూజ ఫోన్లో ఒక యాప్ వేసింది. అందులోని ఏఐ హిందీలో ప్రశ్నలు అడుగుతుంది, మనం మాట్లాడితే చాలు, మన ఆటకు సరిపోయే మనిషిని వెతికిపెడుతుంది. ఆట ఎంత బాగా వచ్చు, ఒకటి నుంచి ఐదులో చెప్పమంది. మన గురించి మనమే గొప్పలు చెప్పుకుంటే ఏం బాగుంటుంది? రెండు అన్నాను.

పది రోజులకు చంద్రపూర్‌కు అవతల ఉన్న భద్రావతిలో సుశీల అనే ఆవిడ దొరికింది. ఆవిడదీ రెండే. ఇద్దరికీ మధ్యలో పడుతుందని చంద్రపూర్‌లో ఒక వ్యాయామశాల హాలు కూడా ఏఐయే చూపించింది. ఆ రెండు అంకె చూసి నీరుగారిపోయాను. ఇంకో నేర్చుకునే మనిషి! ఈసారీ అంతే అయితే నా బోర్డు ఏదైనా బడికి ఇచ్చేద్దామని నిర్ణయించుకునే బయల్దేరాను.

వర్ధా వంతెన దాటుతుంటే పక్కసీటు పెద్దాయన, కోర్పనా వైపు రైతు, ఎక్కడికని అడిగాడు. చెప్పాను.

"గింత దూరం ఆడేతందుకా? ఇంట్ల ఎవ్వలు లేరా?"

"ఉన్నరు పెద్దయ్యా. నాతోని ఆడరు."

ఆయన నన్ను కాసేపు పరీక్షగా చూసి, "అయితే తప్పు నీదే ఉంటది," అని కిటికీ వైపు తిరిగాడు. బల్లార్‌పూర్ దాటేదాకా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

తొమ్మిదింబావుకు చంద్రపూర్‌లో దిగి, జట్‌పురా గేటు దగ్గర బండి మీద తర్రీ పోసిన అటుకుల పోహా తిన్నాను. ఆ శనగల పులుసు కారం మామూలుది కాదు, కొత్తవాళ్ళు తక్కువ పోయమనండి. అక్కడి నుంచి హాలు నడిచే దూరమే, పదింటికి తెరుస్తారు. బోర్డులు మంచివి, పౌడరు మాత్రం చెమ్మగిలింది.

సుశీలక్క గుమ్మంలోనే ఉంది. అరవై దాటిన మనిషి, గనుల ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. నా తెలుగు వినగానే "మనోళ్ళే" అని చెయ్యి పట్టుకుంది.

మొదటి బోర్డులో, పాపం పెద్దావిడ అని, సూటిగా ఉన్న కాయిన్లు రెండు కావాలనే తప్పించాను. ఆవిడా తప్పించింది. నేను మళ్ళీ వదిలాను. ఆవిడ కాయిన్ మళ్ళీ పాకెట్ అంచుదాకా వెళ్ళి ఆగింది. మూడోసారీ సరిగ్గా అంచునే. అప్పుడు అనుమానం వచ్చింది. చేతకానివాళ్ళు కాయిన్‌ను ఎక్కడికో పంపిస్తారు. ప్రతిసారీ వెంట్రుకవాసిలో ఆపాలంటే చేతిలో పనితనం ఉండాలి. తలెత్తితే ఆవిడ నన్నే చూస్తోంది.

"నాకోసం ఇడిసిపెడుతున్నవా చెల్లె?"

"మరి మీరేం చేస్తుండ్రక్కా?"

ఇద్దరం నవ్వాపుకోలేకపోయాం. గనుల క్వార్టర్స్‌లో ఆవిడ ఎదుట కూర్చునేవాళ్ళు ఎప్పుడో మానేశారట. ఐదు అని చెప్పడానికి సిగ్గేసి రెండు అందట. ఓడిపోతే ఏం చేస్తారని కూడా ఏఐ అడిగిందని, "ఇంకో బోర్డు పెట్టమంట" అన్నానని చెప్పింది. నేను చెప్పిన జవాబూ అదే. ఒకే అబద్ధం, ఒకే నిజం చెప్పిన ఇద్దరిని అది ఎదురెదురుగా కూర్చోబెట్టింది. పాపం, దానికి మాత్రం ఏం తెలుసు.

"ఇగ మర్యాదలు చాలు. ఆడు," అంది సుశీలక్క.

కాయిన్లు తీసి మళ్ళీ పేర్చాం. బ్రేక్‌తోనే ఆవిడ వరసగా ఐదు వేసింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఒంటిగంటకు డబ్బాలు తెరిచి జొన్నరొట్టె, నువ్వుల చట్నీ పంచుకుని, చేతులు కడుక్కుని మళ్ళీ కూర్చున్నాం. మూడు గేముల్లో ఆవిడకు రెండు, నాకొకటి. చివరిదాంట్లో ఎర్రకాయిన్ వేసి కూడా, వెంటనే ఇంకోటి వేసి దాన్ని కవర్ చేసుకోలేకపోయాను. ఆ గేము కోసం ఇద్దరం నాలుగింటి బస్సులు వదులుకున్నాం.

ఐదుంబావుకు బస్సు దొరికింది. ఆదివారం సాయంత్రం సీటు మీద ఆశ పెట్టుకోకండి, బల్లార్‌పూర్ దాకా నిలబడే వచ్చాను. చూపుడువేలు వాచింది. వంతెన మీద ఉండగా మా ఆయన ఫోన్ చేసి గెలిచావా అని అడిగాడు.

"ఓడిపోయిన," అన్నాను. నాలుగేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు. చెప్తుంటే నవ్వొచ్చేస్తోంది, కండక్టర్ నా వైపే చూస్తున్నాడు.

మా ఆయన, "మళ్ళ ఎప్పుడు పోతవ్?" అన్నాడు.

"వచ్చే ఐతారం."