పళ్లెంలో నీళ్లు, ఫోన్‌లో యాప్

ఈ రోజు బీచ్ పార్కులో అద్దె కారవాన్‌లో దిగాం. దాన్ని చూసుకునే అంకుల్ తాతలనాడే ఈ దేశంలో స్థిరపడిన కుటుంబానికి చెందిన తెలుగాయన. కారవాన్ లోపల పళ్లెంలో నీళ్లు పోసి చూసి, "లెవెల్ సరిగానే ఉంది తంబీ" అన్నారు.

నేను ఒప్పుకుంటేనా! ఫోన్ నేలమీద పెట్టి, లెవెల్ యాప్‌లో వాలు చూపించాను. పాపం, ఆయన ఎండలో మోకాళ్లమీద కూర్చుని మూడుసార్లు చక్రాల కింద చెక్కలు మార్చారు.

చివరికి మా అమ్మాయి ఫోన్ తిప్పి చూసి, ఇక్కడి యాసలో అంది: "డాడీ, వెనక కెమెరా ఎత్తుగా ఉంది. ఫోనే వాలింది లా!"

అంకుల్ చెక్కలన్నీ తీసేశారు. చేతులు దులుపుకుంటూ, "ఏం పని చేస్తావు తంబీ?" అని మామూలుగానే అడిగారు.

"ఏదో ఆఫీసు పని అంకుల్" అన్నాను.

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అని మాత్రం చెప్పలేదు. మీరైతే చెప్పేవారా?